లాంచీ అడుగున నీళ్ళు

"ఎవరయ్యా అది, అడుగు చెక్క ఎత్తింది?"

లాంచీ నడిపే సరంగు అరుపుకు అందులో ఉన్న ముప్పై మందీ తిరిగి చూశారు.

ఇంజను పక్కన ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు భుజాల దాకా మడిచాడు.

"అడుగున నీళ్ళు చేరాయి బాబూ."

"లాంచీ అడుగున నీళ్ళు కాక పాలుంటాయా?"

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"నీళ్ళే ఉంటాయి. కానీ బయటికి పోవాలిగా. ఒకసారి పంపు వెయ్యి."

సరంగు స్విచ్చి నొక్కాడు. పంపు గుర్రుమంది.

"విన్నారుగా? బ్రహ్మాండంగా తిరుగుతోంది."

"తిరుగుతోంది సరే. గొట్టంలోంచి నీళ్ళేవీ?"

టిక్కెట్లు చింపుతున్న సరంగు భార్య అంచు మీంచి వంగి చూసింది. చుక్క రావటం లేదు.

ముసలాయన పంపు ఆపించి, నూనె తేలుతున్న మురికినీళ్ళలో చెయ్యి పెట్టాడు. పంపు కింద జాలీ ఊడదీసి పైకి తీశాడు. వెంట్రుకలు, వేరుశనగ పొట్టు, చాక్లెట్ కాగితాలు, తాడు పీచు. పిడికెడు ముద్ద.

జాలీ కడిగి బిగించాక గొట్టం నీళ్ళు ధారగా కక్కింది.

"ఇన్‌స్పెక్టరుగారికి జై!" అన్నారెవరో. ఆ పేరే ఖాయమైపోయింది.

సరంగు ముఖం మాత్రం మాడిపోయింది.

ముసలాయనది అవతలి ఒడ్డు. మందుల కోసం వారానికోసారి ఇటు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చెక్క ఎత్తేవాడు. సరంగు భార్య పక్కన చేరి అడిగేది, ఆయన చెప్పేవాడు.

"ఈ తేలే బుడ్డీని చేత్తో పైకెత్తి చూడమ్మా. పంపు దానంతటదే మొదలవ్వాలి. నూనె మాత్రం నదిలోకి పోనివ్వకు, ముందే గుడ్డతో అద్దేసెయ్."

ఐదో వారం సరంగుకు చిర్రెత్తుకొచ్చింది.

"పదిహేనేళ్ళుగా నడుపుతున్నాను. నాకు చెప్పటానికి మీరెవరండీ? ఇంకోసారి చెక్క ముట్టుకుంటే నా లాంచీ ఎక్కకండి!"

ఎవరూ నవ్వలేదు.

ముసలాయన చేతులు తుడుచుకున్నాడు.

"ముట్టుకోను బాబూ. నువ్వు ముట్టుకో, చాలు."

ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు.

నెల తిరక్కుండానే, నది నడిమధ్యలో, కొట్టుకొచ్చిన దుంగ ఒకటి లాంచీని గుద్దింది. ముందు పలక చీలింది. నీళ్ళు బుసకొడుతూ లోపలికొచ్చాయి.

స్విచ్చి ఎవరూ నొక్కకుండానే పంపు మొదలైంది.

నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. అక్కడే ఆగాయి. ఇరవై నిమిషాలు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే బయటికి పోతూనే ఉన్నాయి. ముప్పై ఎనిమిది మంది తమ కాళ్ళ మీదే ఒడ్డున దిగారు.

సరంగు రేవు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆయన మానేశాక నేనొక్కసారీ జాలీ తియ్యలేదే!"

"నేను తీస్తున్నాను," అంది భార్య. "వారం వారం. మీరు టీకి వెళ్ళినప్పుడు."

సరంగు తలెత్తి అవతలి ఒడ్డు వైపు చూశాడు.

"ఆయన ఇల్లెక్కడ?"

"అవతల రెండో వీధి అన్నారు."

"లాంచీ బాగవ్వగానే వెళ్దాం. కాళ్ళు పట్టుకుంటాను."

బాగవటానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు పొద్దున్నే ఇద్దరూ వచ్చేసరికి రేవు కిటకిటలాడుతోంది. చేతికర్రల వాళ్ళు, చంకల్లో పసిపిల్లలున్న వాళ్ళు, వందల మంది.

"ఏమిటీ జనం?"

"అవతల రెండో వీధిలో పెద్దాయన పోయారు బాబూ. చివరిచూపుకి."

"మందులకి ఇటు వస్తుండేవారు... ఆయనేనా?"

"ఆయనే."

సరంగు వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు. భార్య టిక్కెట్ల పుస్తకం సంచిలో దాచేసింది.

ఎనిమిదిసార్లు దాటించినా రేవు ఖాళీ కాలేదు. చివరికి పక్కనున్న ముసలమ్మని అడిగాడు.

"ఇంతమంది చుట్టాలా అమ్మా ఆయనకి?"

"చుట్టాలం కాదు నాయనా. నలభై ఏళ్ళ కిందట సముద్రంలో మా ఓడ మునిగిపోతుంటే, కెప్టెన్ కూడా ఆశ వదిలేశాడు. పంపుల పని చూసే ఈయన ఒక్కడూ కిందికి దిగి, గొంతులోతు నీళ్ళలో, తెల్లారేదాకా పంపులు ఆగనివ్వలేదు."

ఆమె వెనక్కి తిరిగి, ఒడ్డున నిలబడ్డ జనం వైపు చెయ్యి చూపించింది.

"ఆ పొద్దున్న ఓడ దిగినవాళ్ళం, మా పిల్లలు, మా పిల్లల పిల్లలు... ఈ రేవు నిండా ఉన్నది మేమే."