ఉస్తాద్ సరే అంటేనే

“కిక్కు మీద కాలు పెట్టకు! పహిలే దిగు, బొంబాయి దొరా!”

ఇంట్లోంచి వచ్చిన అరుపుకు సిద్ధరాములు మోటారు సైకిలు మీద నుంచి దిగాడు. గల్లీలో నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అతనికి ఒళ్లు మండింది.

బండి పురుషోత్తం సేఠ్‌ది. యుద్ధం ముగిశాక పటాలం వాళ్లు అమ్మేస్తే కొన్నాడు. కుంభారి వైపు పల్లెల్లో నేతగాళ్లకు నూలు ఇచ్చి చీరలు తేవడానికి దాన్ని నడిపేవాడు కావాలి. ఆ దారిలో బాట కన్నా బండలే ఎక్కువ.

“ఉస్తాద్ రాజారాం పటాలంల గిదే బండి నడిపిండు. ఆయన సరే అంటేనే నౌకరీ,” అని చెప్పి పంపాడు సేఠ్.

నౌకరీ దొరికితే తప్ప భార్య విమలను పంపనని మామ తెగేసి చెప్పాడు. బొంబాయి మిల్లులో పని పోయినప్పటి నుంచీ విమల పుట్టింట్లోనే ఉంది. అందుకే సిద్ధరాములు పొద్దున్నే సోలాపూర్‌లో రైలు దిగి, సేఠ్‌ను కలిసి, ఆ బండిని తోసుకుంటూ ఈ గల్లీకి వచ్చాడు.

ఉస్తాద్ అంటే మీసం మెలేసిన జవాను ఎదురొస్తాడనుకున్నాడు. తీరా చూస్తే ముందు గదిలో మగ్గం దగ్గర కూర్చున్న మనిషి. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి నేసే మామూలు మగ్గమే. అడ్డంగా పరిచిన పడుగు దారాల మీదుగా అతని ఛాతీ, మొహం మాత్రం కనిపిస్తున్నాయి. పోనీ నేస్తున్నాడా అంటే అదీ లేదు. సగం నేసిన చీర అట్లాగే ఉంది. వచ్చినవాడిని చూసి లేవలేదు, కూర్చోమనలేదు. పైగా మొదటి మాటే, “గడప దాటకు. నూనె మరకలు పడుగుకు అంటుతయి.”

మహా పడుగు, అనుకున్నాడు సిద్ధరాములు. బొంబాయిలో ఒక్క మర మగ్గం నేసేది ఈ గల్లీ అంతా కలిసినా నేయలేదు.

“బండి ఎక్కే ముందుగాల ఏం చెయ్యాలె?” అడిగాడు రాజారాం.

“కిక్కు కొట్టాలె, పోవాలె. గంతే కదనే?”

“గంతేనట! విన్నవా అమ్మా?” గడప దగ్గర రాట్నం తిప్పుతున్న అంజమ్మ వైపు చూసి నవ్వాడు రాజారాం. “అరే, టాంగావాలా గూడ గుర్రం నాడాలు చూసుకుంటడు. టైరు బొటనవేలితోటి నొక్కు. చువ్వలు ఒక్కొక్కటి కొట్టి చూడు, మోగకుంటె వదులైనట్టు. చైను లేపి చూడు. నూనె టాంకీ మూత తియ్యి. బ్రేకు చూసినవా?”

“ఉన్నది.”

“ఉన్నదని నాకెరుకే. పడ్తదా?”

సిద్ధరాములు పళ్లు కొరుకుతూ అన్నీ చూశాడు. ఎక్కి కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కోటు లోపల చొక్కా తడిసిపోయింది గాని బండి దగ్గనైనా దగ్గలేదు.

“పెట్రోలు నల్లా తిప్పినవా?”

అతను వంగి టాంకీ కింద వెతికాడు.

“బొంబాయిల నల్లా తిప్పకుండనే నీళ్లొస్తయా ఏంది?”

గల్లీ అంతా నవ్వింది. నల్లా తిప్పాక బండి ఒక్క దెబ్బకే అందుకుంది.

“క్లచ్ పట్టు. ఇది విలాయతి బండి, కుడికాలుతోటి గేరు. ఎడమకాలు కింద బ్రేకు. ఎదురుంగ మైదానముంది కద, ఆ ఒర్రె దాటి రా.”

ఎండిన సన్న వాగులాంటి ఆ ఒర్రె దాకా బాగానే పోయాడు. గట్టు దగ్గర ఎడమకాలు బ్రేకు తొక్కగానే కుడికాలు దానంతటదే లేచి గేరును తన్నింది. బండి ఎగిరి పక్కకు పడింది. మోచేయి చెక్కుకుపోయి, బండిని తోసుకుంటూ వచ్చాడు.

“మగ్గం ఎన్నేండ్లు తొక్కినవ్?” అన్నాడు రాజారాం.

“నేనా? మగ్గమా? మిల్లుల మెకానిక్‌ను నేను.”

“అబద్ధం. మగ్గం మీద ఒక కాలు దిగితె ఇంకోటి లేవాలె. అదే అలవాటు. కోటైతే తొడిగినవ్ గని నీ కాళ్లు ఇంకా గుంటల్నే ఉన్నయి.”

ఊళ్లో తండ్రి పక్కన మగ్గం తొక్కిన సంగతి బొంబాయిలో ఎవరికీ చెప్పలేదు సిద్ధరాములు. దాన్ని ఈ సోమరిపోతు గల్లీలో అందరి ముందూ విప్పి పెట్టాడు.

“మల్ల పో. ఒక కాలు పని చేస్తుంటె రెండోదాన్ని మరిచిపో. బండలు రాంగనే లేచి నిలబడు, మోకాళ్లు వదులుగ పెట్టు. ముందు చక్రం చూడకు, దూరం చూడు.”

ఈసారి సిద్ధరాములు లేచి నిలబడ్డాడు. బండి కింద ఎగురుతున్నా అతను ఊగలేదు. బ్రేకు తొక్కినప్పుడు కుడికాలు కదలలేదు. ఒర్రె దాటి, అవతలి బండలు చుట్టి, తిరిగి గడప ముందు ఆపాడు.

“ఎట్లున్నది?” అన్నాడు తలెత్తి.

“గోనె సంచి ఎగిరినట్టున్నది. నేను సరే అనను. రేపు మల్ల రా.”

“రేపా?” సిద్ధరాములు బండిని గోడకు ఆనించాడు. “పొద్దటి సంది చూస్తున్న. కూసున్నకాడ కూసొని నోటితోటి బండి నడుపుతున్నవ్. గది ఎవనికైనా వస్తది. దమ్ముంటె లేచి రా! ఒక్కపారి తొక్కి చూపియ్యి, నీ కాళ్లు మొక్కి పోత!”

అంజమ్మ రాట్నం ఆగింది. గల్లీలో నవ్వులూ ఆగాయి. ఉస్తాద్ గుట్టు బయటపడుతోందని అందరూ భయపడ్డారనుకున్నాడు సిద్ధరాములు. అతనికి హుషారు ఎక్కింది.

“లేస్తలేడు చూడుండ్రి, మీ ఉస్తాద్!”

“వద్దు బిడ్డా, లోపలికి పోకు,” అంటూ అంజమ్మ అడ్డం వచ్చేలోపే గడప దాటాడు. మగ్గం పక్కగా వెళ్లి, రాజారాం జబ్బ పట్టి పైకి గుంజాడు. రాజారాం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

సిద్ధరాములు కిందికి చూశాడు.

గుంటలో కాళ్లు లేవు.