కోక రానిదే

“ఆ పుట్టింటి కోక స్కిప్ చేసేద్దాం నాయనా. మధ్యాన్నం దాటిపాయ” అన్నాడు గిరిప్రసాద్.

కుప్పయ్య తన కొడుకు మొహంలోకి చూశాడు. చెంప పగలగొట్టాలనిపించింది. చేయి లేవలేదు. వసారాలో ఐసు పెట్టెలో నాగులమ్మ పడుకుని ఉంది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. వాకిట్లో పాడె కట్టి సిద్ధంగా పెట్టారు.

గిరిప్రసాద్ నోట ఆ మాట కొత్త కాదు. పొద్దున టిఫను స్కిప్. సెల్లులో పాట నచ్చకుంటే స్కిప్. మేనత్త కూతురి పెండ్లి స్కిప్. ఇప్పుడు కన్నతల్లి ఒంటి మీద కప్పాల్సిన కోక స్కిప్.

“నిన్న ఆసుపత్రిలో మీ అమ్మ ఏమనిందిరా? నువ్వు ఆడే ఉండావు కదా.”

ఆమె అన్నది ఒకటే. ‘ముత్తయిదువగా పోతాండా. నా తమ్ముడి కోక కప్పందే నన్ను ఎత్తొద్దండి.’ ఆ తర్వాత ఆమె ఇక నోరు తెరవలేదు.

పాకాల చుట్టుపక్కల ఏ సావు జరిగినా ముందుండి నడిపించే దామోదరం, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“అన్నా, రేపు శనివారం. శని శవం తోడు అడుగుతాదని నీకు నేను చెప్పాల్నా? పొద్దు గూకేలోగా ఎత్తాల. బీరువాలోంచి ఒక కోక తీయించు. తమ్ముడు పెట్టినాడని కప్పేద్దాం. ఎవురికి తెలుస్తాది?”

“ఆమెకు తెలుస్తాది.”

కుప్పయ్య పండ్లు కొరికాడు.

“ఆ పిసినారోడు యాడ చచ్చినాడు? ఇన్నేండ్లలో అక్కకు ఒక రవిక గుడ్డ పెట్టిన పాపాన పోలేదు. ఈ పొద్దన్నా రావద్దా?”

“ఆయనకెట్ల తెలుస్తాది నాయనా?”

“అదేందిరా? అందరికీ ఫోన్లు కొట్టమని పొద్దున్నే చెప్పినా కదా.”

“అందరికీ కొట్టినా. మామను స్కిప్ చేసినా.” గిరిప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తితే కాళ్లు ఇరగ్గొడతానంటివి కదా.”

వాకిట్లో బీడీలు కాలుస్తున్న వాళ్లు కూడా ఇటు తిరిగారు. కుప్పయ్య అరుగు మీద చతికిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఊరంతా కాసుకుని కూర్చున్నది కబురే అందని మనిషి కోసం.

“వానికి ఫోను కలిపి ఇటియ్యి.”

అటువైపు ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

“మునికృష్ణా, నేను. కుప్పయ్యను. మీ అక్క పోయిందిరా.”

ట్రాక్టరు ఆగింది.

“కోక తీసుకొని రాప్పా. నీ కాళ్లు పట్టుకుంటా.”

ఊరి ముందర అంత మాట కుప్పయ్య ఎన్నడూ అని ఎరగడు.

“వస్తాండా బావా.”

మునికృష్ణ ఉండే సత్యవేడు నుంచి పాకాల దగ్గరా దాపా కాదు. కుప్పయ్య అరుగు దిగలేదు, పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. గిరిప్రసాదే ఫోను చెవిన పెట్టుకుని తిరిగాడు.

“పుత్తూరు దాటినాడంట నాయనా.”

“పుత్తూర్లో కోక కొనినాడా?”

“కొనే పని లేదు అని పెట్టేసినాడు.”

ఇంకా ఆ పాత పంతమే అనుకున్నాడు కుప్పయ్య. ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చి, ఇంత మందిలో తన మొహాన ఉమ్మిపోవడానికే వస్తున్నాడు.

“మళ్లీ కొట్టు. తిరుపతిలో అంగళ్లు ఉండాయి కదా. ఎంతదైనా సరే, నేను ఇచ్చుకుంటానని చెప్పు.”

“ఎత్తడం లేదు నాయనా.”

పొద్దు కొండ మీద వాలింది. డప్పుల వాళ్లు లేచి మంట రాజేసి డప్పులు కాచుకుంటున్నారు. దామోదరం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కొండ మీది పొద్దును చూపించాడు. కొడుకు నోట విని మండిపడ్డ ఆ స్కిప్ మాటే కుప్పయ్య నాలుక చివరకు వచ్చి ఆగింది. ఐసు పెట్టె వైపు చూడలేకపోయాడు. ఊ అనడానికి నోరు తెరిచాడు.

అప్పుడే వీధిలో బాడుగ కారు వచ్చి ఆగింది.

మునికృష్ణ దిగాడు. పొలంలోంచి వచ్చినట్టే ఉన్నాడు, కాళ్లకు బురద. చేతిలో పూలదండ లేదు, పసుపు కుంకుమల పొట్లం లేదు. వెనక సీట్లోంచి నిండు గోనెసంచి ఒకటి లాగి భుజాన వేసుకున్నాడు. ఎవరినీ పలకరించకుండా వసారాలోకి నడిచి, అక్క కాళ్ల దగ్గర సంచి దించి మూతి విప్పాడు.

కోకలు.

ఒకదాని కింద ఒకటి, అంగడి కవర్లలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైవాటి కవర్లు మెరుస్తున్నాయి. అడుగువాటివి పసుపు రంగుకు తిరిగి, పట్టుకుంటే పెళపెళ విరిగిపోతున్నాయి.

“గంగజాతరకు ఆడబిడ్డకు కోక పెట్టాల కదా బావా. నువ్వు గడప తొక్కొద్దంటివి. తెచ్చి ఇంట్లోనే పెట్టినా. ఒక్క ఏడూ మానలేదు.”

మునికృష్ణ వాటిని ఐసు పెట్టె పక్కన వరసగా పేర్చుకుంటూ పోయాడు. వసారా చాలలేదు. చివరిది చేతిలోనే పట్టుకుని తలెత్తి, మెల్లగా అడిగాడు.

“ఏ ఏటి కోక కప్పాల బావా?”