ముందు మూత, తర్వాత మాట

తునిలో డాక్టర్ హైమవతి పరీక్ష చేస్తుండగా, సూరమ్మ గుండెమీద పెట్టిన స్టెతస్కోపు మూగబోయింది. డాక్టర్ల లైసెన్సులమీద కాపలాకి గోడకి బిగించిన మాట్లాడే పెట్టె గొంతు సవరించుకుంది.

"ఆవకాయ మానమన్నారని మీమీద ఒక పేషెంటు ఫిర్యాదు. లైసెన్సు నిలిపేశాం, స్టెతస్కోపుకి తాళమేశాం."

"నన్నో మాట అడగవా?"

"ఫిర్యాదొస్తే ముందు మూసేస్తాం, విచారణ తర్వాత. ఎవరికైనా ఇదే రూలు."

బల్లమీంచి సూరమ్మ తలెత్తింది. "ఎవరికైనానా? అయితే నీమీద నాదో ఫిర్యాదు రాసుకో. డాక్టరమ్మని అడక్కుండానే శిక్షేశావు."

పెట్టె నిజాయితీ గలది. వెంటనే తనని తాను మూసేసుకుంది. అది వేసిన తాళమూ ఊడింది. స్టెతస్కోపులో గుండె చప్పుడు మళ్లీ వినిపించింది. హైమవతి శ్రద్ధగా విన్నది.

"మీరూ ఆవకాయ మానాలి మామ్మగారూ."

సూరమ్మ పెట్టెకేసి చూసింది.

"ఇది మళ్లీ ఎప్పుడు లేస్తుందమ్మా?"