బాటిల్‌నెక్కు

“బాటిల్ నొక్కు స్టోర్‌రూంలోనే ఉంది సార్.”

అద్దాల గది తలుపు సందులోంచి వచ్చిన ఆ మాట స్టోర్‌కీపర్ చెవిలో సీసం పోసినట్టు దిగింది. సీసం కూడా కాదు, ఏకంగా సీసాయే దిగింది.

“శభాష్. నేను వెతుకుతున్నదే అది. ఇవాళే పీకేద్దాం,” అన్నాడు లోపల యజమాని, లాటరీ తగిలినవాడిలా.

స్టోర్‌కీపర్ చప్పుడు కాకుండా ఆ తలుపు దగ్గర్నుంచి జారుకున్నాడు.

అది సెంటు తయారుచేసే కంపెనీ. యజమానికి ఈమధ్య ఉత్పాదకత పిచ్చి పట్టింది. పని ఏ బల్ల నుంచి ఏ బల్లకి నడుస్తోందో, ఎక్కడ కునుకు తీస్తోందో బొమ్మ గీసి చూపించే నిపుణుడు కావాలని ఊరంతా కబురు పెట్టాడు. టై కట్టుకున్న మనిషొకడు వచ్చి, “మీ సీసాలు ఏ చేతిలోంచి ఏ చేతిలోకి పోతున్నాయో గీస్తాను” అనగానే, ఎవరు పంపారని కూడా అడక్కుండా కుర్చీ వేశాడు. ఆ మనిషి గోడ నిండా తెల్లకాగితాలు అతికించి, గళ్లు గీసి, గళ్ల మధ్య బాణాలు వేశాడు. దీన్ని ప్రాసెస్ మ్యాపింగ్ అంటారని యజమాని అందరికీ పాఠం చెప్పాడు. అప్పట్నుంచి ఆఫీసులో రేపు లేదు, మాపు లేదు, అంతా మ్యాపే.

ఆ బాణాల్లో ఒకటి తన గుండెకే గురిపెట్టి ఉందని స్టోర్‌కీపర్‌కి ఇప్పుడు తెలిసింది. ఆయన నొక్కింది ఒకే ఒక్క సీసా. పెళ్లిరోజున భార్య చేతిలో పెట్టి, కొన్నానని చెప్పాడు. ఆ సెంటుతో ఇంట్లో ఎంత సెంటిమెంటు పెరిగిందంటే, అత్తగారు కూడా ఆయన్ని “బాబూ” అని పిలవసాగింది. దొంగ అని ఉద్యోగం ఊడితే, దాంతోపాటు ఆ పిలుపూ ఊడుతుంది.

భోజనం వేళ ఇంటికి పరుగెత్తి, సీసా జేబులో వేసుకుంటూ భార్య కంట పడ్డాడు.

“దాన్నెక్కడికండీ?”

“మ్యాపు గొడవలే.”

“మాపు పోవాలంటే సబ్బు చాలదూ? మీ ఆఫీసులో సెంటు పోసి ఉతుకుతారా?”

“ఉతకబోయేది నన్నే,” అని గొణుక్కుంటూ, తగ్గినంత మేరా సీసాలో నీళ్లు కలిపి, స్టోర్‌రూంలోకి పిల్లిలా దూరాడు.

అక్కడ బీరువా వెనక అప్పటికే రెండు పిల్లులున్నాయి. సీసాలకి లేబుళ్లు అంటించే లేబులక్క చేతిసంచిలోంచి ఒక సీసా తీస్తోంది. ప్యాకింగ్ మేస్త్రీ క్యారేజీ గిన్నెలోంచి ఇంకోటి తీస్తున్నాడు.

“నువ్వు కూడానా బాబాయ్?” అంది లేబులక్క.

“నేనొక్కణ్ణే అనుకున్నానమ్మా.”

“ఒక్కడివే ఏంటి, ఒక్కొక్కళ్లం ఒక్కొక్కటి నొక్కాం,” అన్నాడు మేస్త్రీ. “ఆ టై మనిషి బాటిల్ నొక్కు అంటుంటే మేమూ విన్నాంలే.”

“మెల్లగా. గోడలకి చెవులుంటాయి,” అన్నాడు స్టోర్‌కీపర్.

“మన గోడకి మ్యాపు కూడా ఉంది బాబాయ్.”

అంతలో తలుపు తెరుచుకుంది. యజమాని, ఆయన వెనకే టై మనిషి.

స్టోర్‌కీపర్ సీసాని రెండు చేతులా ముందుకు చాపాడు. “ఈయన బాటిల్ నొక్కు అన్నది విన్నాం సార్. నొక్కింది మేమే. ఉద్యోగాలు మాత్రం పీకకండి.”

యజమాని ముందు తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు, చివరికి పగలబడి నవ్వాడు. “ఓరి మీ చెవులు బంగారం కానూ. ఆయనన్నది నొక్కు కాదయ్యా, నెక్కు. బాటిల్‌నెక్కు. సీసా మెడ దగ్గర సన్నగా ఉంటుందే, అలా పని ఇరుక్కుపోయే చోటన్నమాట. నేను పీకేద్దామన్నది ఆ ఇరుకుని. మిమ్మల్ని అనుమానించిందెవరు? సరే, పోయిన సరుకు నడిచి వచ్చింది కాబట్టి ఈసారికి వదిలేస్తున్నా. చూశారా, మ్యాపింగ్ మహిమ.”

ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు. నోరు మూసుకుని ఉంటే సీసా దక్కేదే అని స్టోర్‌కీపర్ నొచ్చుకున్నాడు. లేబులక్క ఈసారి బుగ్గలు మాత్రమే నొక్కుకుంది.

టై మనిషి గొంతు సవరించుకున్నాడు.

“వీళ్ల చెవులు బాగానే ఉన్నాయి సార్. నేనన్నది నొక్కే. నెక్కు అని విన్నది మీరు. అది వినగానే మీ మొహం ఎలా మారుతుందో చూద్దామనే మీ ఎదురుగా అన్నాను. ఈ మ్యాపింగేమిటో నాకు తెలీదు, నేను డిటెక్టివ్‌ని. స్టోర్‌రూంలో సీసాలు నొక్కేసి మీరు ఏ ఆవిడకి ఇస్తున్నారో కనిపెట్టమని మీ శ్రీమతిగారే నన్ను పంపారు. వీళ్లు ముగ్గురూ ఒప్పుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సాయంత్రానికి ఆఖరి బాణం మీ మీదే గీసేవాణ్ణి.”