మునిగే అంచు

ఆరో ప్రశ్న దగ్గర ప్రసన్నకుమారి ఎర్రపెన్ను ఆగింది. గుండ్రంగా, కుడివైపుకు ఒరిగి ఉన్న ఆ అక్షరాలను తాడేపల్లిగూడెంలో ఆమె మూడేళ్లు దిద్దింది. హర్షిణి చేతిరాత. వేదవ్యాస్ కూతురు.

ఏలూరులో ఒక ట్రస్టు పెట్టిన టాలెంట్ టెస్టు పేపర్లవి. వాటి మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. ఫస్టు వచ్చిన ఒక్కరికి ఇంటర్లో ఉచితంగా సీటిస్తారు. ఆ సీటు ఎలీషాకి రావాలని ఆమె పడని పాట్లు లేవు. కొల్లేరు లంకలో పుట్టినవాడు, ఇది తప్పితే చదువుకి వేరే దారి లేదు. రెండేళ్లుగా ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి పాఠాలు చెబుతోంది. ఒక్కసారి వింటే చాలు, పట్టేస్తాడు.

భూమి పలకలు ఎందుకు కదులుతాయన్నది ప్రశ్న. జవాబు చదువుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

'దండెం మీద తడిచీర ఒక కొస బరువెక్కి జారితే, మిగతా చీరనంతా లాక్కుపోతుంది. అలాగే సముద్రం అడుగున చల్లబడి బరువెక్కిన పలక అంచు, భూమి లోపలికి మునుగుతూ పలకనంతా లాగుతుంది.'

అచ్చంగా తన పాఠం. చీర తడిపి, పిల్లల చేతుల్లో పెట్టి మరీ చెప్పేది. ఈ పాఠానికే స్కూలు యజమాని వేదవ్యాస్ ఆమెను తల్లిదండ్రుల మీటింగులో నిలబెట్టి కడిగేశాడు. కింది వేడే పలకల్ని కదుపుతుందని గైడులో ఉంటే, అంచు లాగుతుందనడానికి మీరెవరండీ అన్నాడు. గైడులో లేనిది తప్పేనన్నాడు. నెల తిరక్కుండా ఉద్యోగం ఊడబీకాడు. అలాంటివాడి కూతురు ఇప్పుడు ఆ పాఠంతోనే మార్కులు కొట్టేద్దామనుకుంటోంది.

ఆన్సర్ కీలో లేని జవాబు రాస్తే ఏం చేయాలని పరీక్ష నిర్వాహకుడు ఎడ్విన్‌ని అడిగింది. సరైనదనిపిస్తే మార్కులు వేసేయమన్నాడు, అంతా మీ ఇష్టమేనండీ అన్నాడు.

ఎనిమిది మార్కుల జవాబు మీద ఆమె పెద్ద సున్నా చుట్టింది.

"మీ నాన్న పెట్టిన రూలేనమ్మా," అని గొణుక్కుంది. ఎన్నాళ్లకో కడుపుమంట చల్లారింది.

ఫలితాలు వచ్చాయి. ఐదు మార్కుల తేడాతో ఎలీషాకి సీటు పోయింది. ప్రసన్నకుమారి పరుగున వెళ్లి, వాడి పేపరు ఒక్కసారి చూపించమని ఎడ్విన్‌ని బతిమాలింది. ఆయన కోడ్ నంబరు సరిచూసి పేపరు తీసిచ్చాడు. ఆరో ప్రశ్న దగ్గర తను చుట్టిన సున్నా కనిపించింది.

"ఇది హర్షిణి చేతిరాత కదండీ," అంది.

"చూపులేని పిల్లాడు కదండీ, వాడు చెబుతుంటే ఆ అమ్మాయే రాసిపెట్టింది."