పద్నాలుగో ప్రశ్న

"ఒక్క మార్కు సార్. పద్నాలుగో ప్రశ్న మళ్లీ చూడండి."

ఆఫీసర్ తల ఎత్తలేదు. "చూశాను. తప్పు."

హమాలీ కదల్లేదు. ఇరవై రెండేళ్లు బస్తాలు మోసిన మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఏటా మార్చే పని కార్డుకి ఈసారి చదువు పరీక్ష పెట్టారు. ఇరవైకి పది రావాలి. తొమ్మిదొచ్చాయి. కార్డు లేనివాణ్ని గోదాము గేటు దాటనివ్వరు.

"పేరా ఎలా నడిచిందని అడిగారు. కారణం-ఫలితం అని పెట్టాను. మా అమ్మాయి అలాగే నేర్పింది. ఏడో తరగతే గానీ, తప్పు చెబితే అన్నం పెట్టదు. 'మొదట, తర్వాత' అంటే కాలక్రమం. 'అందుకని' అంటే కారణం. అందులో 'అందుకని' ఉంది, చూడండి."

ఆఫీసర్ విసుగ్గా కాగితం లాక్కుని పైకి చదివాడు.

"'ఒక గోదాములో లారీలు దించడానికి ముప్పైమంది కావాలి. పూటంతా పడుతోంది. అందుకని యంత్రం తెస్తున్నారు. దానితోపాటు ముగ్గురు వస్తారు. ఆ ముగ్గురూ చాలు.' ఇది సమస్య-పరిష్కారం. ఒక్క మాట పట్టుకుని వేలాడకు. సమస్య, ఆలస్యం. పరిష్కారం, యంత్రం."

"యంత్రం కారణం సార్. ముప్పైమంది రోడ్డున పడటం ఫలితం."

"రోడ్డున పడ్డారని ఎక్కడుంది?"

"లేదు. అదే అడుగుదామనుకున్నా. పాపం, ఆ ముప్పైమంది ఏమైనట్టు? రాసినవాడు మర్చిపోయాడా?"

ఆఫీసర్ కలం మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు.

"నా బుర్ర తినకు."

తొమ్మిది కొట్టేసి పది వేశాడు. కార్డు మీద ముద్ర గుద్దాడు.

హమాలీ దాన్ని రెండు చేతులా అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పైనుంచి ఒకసారి తడుముకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆ పేరా ఏ పుస్తకంలోది సార్? వచ్చే ఏటికి మా అమ్మాయి చేత ముందే చెప్పించుకుంటాను."

ఆఫీసర్ ముద్రని సొరుగులో పడేసి తాళం వేశాడు.

"పుస్తకంలోది కాదు. ఒకటో తారీకున మన గేటుకి అంటించే నోటీసు. పరీక్ష కోసం అంకె ఒక్కటే మార్చాను. మీరు నలభైమంది."