నల్లబడని కార్డు

ఈ వారం కూడా ఆ కార్డు తెల్లగానే వచ్చింది.

సైన్సు టీచరుకు ఒళ్లు మండిపోయింది.

తొమ్మిదో తరగతికి గాలి కాలుష్యం పాఠం. పుస్తకం చదివి వినిపిస్తే ఆవలింతలు తప్ప ఏమీ రావని, తెల్ల కార్డులకు వాజిలిన్ రాయించి, పిల్లల చేత ఊళ్లో గోడలకు తగిలింపజేసింది. గాలిలోని మసి దానికి అంటుకుంటుంది. వారానికోసారి దించి చూసి, కొత్తది తగిలించాలి.

బస్టాండు కార్డు బూడిద రంగుకు తిరిగింది. మార్కెట్ కార్డు మీద వేలితో పేరు రాయొచ్చు. ఫ్యాక్టరీ పొగగొట్టానికి ఎదురింటి గోడ మీది కార్డు మాత్రం ఇప్పుడే కొట్లో కొన్నట్టుంది.

"అయితే ఫ్యాక్టరీ మంచిదేనా మేడమ్?" అడిగాడో గడుగ్గాయి.

"పరీక్షలో అలాగే రాయమంటారా?" అందుకున్నాడు ఇంకొకడు.

క్లాసంతా నవ్వింది.

నవ్వేవాళ్లకేం. ఈ పీరియడ్ దండగ, లెక్కల మాస్టారికిచ్చేద్దామని హెడ్మాస్టరు గారు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చూపించకపోతే ఇచ్చేస్తారు కూడా.

ఆ సాయంత్రమే ఆమె ఆ ఇంటికి వెళ్లింది. ఆ ఇంటాయన ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర రాత్రి డ్యూటీ చేస్తాడు. అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు, ఎర్రటి కళ్లతో తలుపు తీశాడు.

"కార్డు తుడుస్తున్నారా?"

"లేదు మేడమ్. ముట్టుకోవద్దని పిల్లలు చెప్పారుగా."

"మరి తెల్లగా ఎందుకుంది?"

ఆయన ఓసారి పొగగొట్టం వైపు చూశాడు. "తెల్లగా ఉంటే మంచిదే కదా మేడమ్?"

"మంచిదా? నా పాఠం మొత్తం తలకిందులైంది. కంపెనీ మీద మీకంత ప్రేముంటే మనసులో పెట్టుకోండి, మా కార్డు మీద చూపించకండి."

ఆయన తల వంచుకున్నాడు. కోపమైనా తెచ్చుకోలేదు. దాంతో ఆమె అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

పిల్లలు ఆయనకు 'తుడుపు బాబాయి' అని పేరు పెట్టేశారు. ఆమె వద్దనలేదు.

తరువాతి వారమూ అదే తెలుపు. ఇక ఓపిక నశించి, నేరుగా ఫ్యాక్టరీ మేనేజరు గదికే వెళ్లింది.

"మీ బాయిలర్ మనిషి మా పిల్లల ప్రయోగం పాడుచేస్తున్నాడండీ. మీ ఎదురుగా ఉన్న కార్డు తెల్లగా ఎలా ఉంటుంది, మీరే చెప్పండి."

తగువుకు సిద్ధపడే వెళ్లింది. మేనేజరు మాత్రం కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"అసలు మసే పట్టలేదా?"

"చుక్కంత కూడా లేదు."

"ఎన్నాళ్లుగా?"

"మొదటి కార్డు తగిలించినప్పటినుంచీ."

మేనేజరు కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు. "చెప్పి మంచిపని చేశారు మేడమ్. నేను చూసుకుంటాను."

ఫ్యాక్టరీలో ఇంత మర్యాద ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ వారం కార్డు నల్లగా వచ్చింది. అలా ఇలా కాదు, పెనం అడుగులా ఉంది. చూడగానే క్లాసు నోరు మూతపడింది. హెడ్మాస్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరేనమ్మా, పీరియడ్ మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు.

ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఫ్యాక్టరీ వీధి నుంచే వచ్చే ముందు బెంచీ అమ్మాయి మాత్రం పాఠమంతా దగ్గుతూనే ఉంది.

కొత్త కార్డు తగిలించడానికి ఈసారి తనే వెళ్లింది. ఆ ఇంటాయన ఎదురుపడితే ఒక మాట అనాలని కూడా ఉంది.

గుమ్మం ముందు వ్యాను ఆగి ఉంది. సామాను ఎక్కిస్తున్నారు. ఆయన ఆమెను చూసి, పక్కకు జరిగి దారిచ్చి, మంచం పట్టె మోసుకుంటూ వెళ్లిపోయాడు.

"ఉద్యోగం తీసేశారు టీచరమ్మా. ఇల్లు కూడా కంపెనీదేగా, ఖాళీ చెయ్యమన్నారు" అంది ఆయన భార్య.

టీచరు చేతిలోని కొత్త కార్డు కిందికి దించింది. "కార్డు తుడిచినందుకు ఉద్యోగం తీసేస్తారా? ఇంత దూరం వస్తుందనుకోలేదమ్మా."

"ఆయన కార్డు జోలికే పోలేదు" అందామె, గిన్నెల మూట ముడి బిగిస్తూ. "పొగ వడకట్టే మిషనుకు కరెంటు ఎక్కువవుతోందని రాత్రిళ్లు ఆపేయమంటారు వాళ్లు; పిల్లలొచ్చి మా గోడకి కార్డు తగిలించిన రోజునుంచీ ఈయన దాన్ని ఆపలేదు."